మత్తడి నీళ్ల దారి వదలాలి
బైబిల్‌ 23వ కీర్తనలో నిండి పొర్లే గిన్నె దేవుడి దీవెనకు గుర్తు. ‘నా గిన్నె నిండి పొర్లుతోంది’ అనే ఇంగ్లిషువాళ్ల జాతీయం అక్కడి నుంచే వచ్చింది. మన ఓరుగల్లు సీమలో ఆ దీవెన చెరువు రూపంలో ఉంటుంది. పాకాల చెరువు మత్తడి దూకిందంటే ఇప్పటికీ జనం పిల్లాపాపలతో చూడ్డానికి పోతారు, ఆ ఏడు పంటకు ఢోకా లేదని. కాకతీయుల గొలుసుకట్టు చెరువులను కట్టిందే పొర్లడానికి: మత్తడిని కట్ట కంటే తక్కువ ఎత్తులో ఉంచితే మిగులు నీరు దాని మీదుగా జారి, వాగుల్లో, కాలువల్లో నడిచి కింది చెరువును నింపుతుంది, కట్ట తెగదు. నీళ్లు నడిచే ఆ దారినే మనం ప్లాట్లు చేసి అమ్ముకున్నాం. నాలాలు ఇరుకయ్యాయి, చెరువుల శిఖం భూముల్లో కాలనీలు లేచాయి. 2023 జులై వానలకు హనుమకొండ, వరంగల్‌ కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. వానను తిట్టి లాభం లేదు. కట్టల మీద పూలమొక్కలకు, లైట్లకు దొరికే డబ్బు ముందు మత్తడి కాలువలకు పోవాలి. రెవెన్యూ నక్షా తీసి నాలాల పాత వెడల్పు కొలవాలి, ఆక్రమణ ఎంత పెద్దవాళ్లదైనా తీసేయాలి; అక్కడ గుడిసె వేసుకున్న పేదోళ్లకు మాత్రం ముందు వేరేచోట జాగా చూపించాలి.