రెండు రోజులు... ఇద్దరమే!

"పిల్లల్ని వదిలేసి మీరిద్దరే వెళ్తున్నారా?" అని పక్కింటావిడ అడిగేసరికి తప్పుచేసి దొరికిపోయినట్టయింది నాకు. "పెళ్లుందండీ" అని అబద్ధమాడేశాను. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. నరసాపురం వెళ్లి గోదావరి ఒడ్డున ఊరికే కూర్చుందామనుకున్నాం, అంతే. పదహారేళ్ల కాపురం తర్వాత కూడా ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది!

మనకి ప్రయాణమంటే పెళ్లి, చావు, మొక్కు, లేదా పిల్లల సెలవులు. ఎక్కడికెళ్లినా వంటిల్లు వెంటే వస్తుంది. పులిహోర పొట్లాలు, మందుల సంచీ సర్దేది మనమే. తిరిగొచ్చాక బట్టలు ఉతుక్కునేదీ మనమే.

నరసాపురంలో పరుగులు పెట్టి చూడాల్సినవేం లేవు. అందుకే నచ్చింది. రాత్రి రైలెక్కి వెళ్లి మామూలు లాడ్జిలో దిగాం. సాయంత్రం వశిష్ఠ గోదావరి రేవులో కూర్చున్నాం. ఫీజులు, గ్యాసు, అత్తయ్యగారి బీపీ... అరగంటలో కబుర్లైపోయాయి. ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీలేదు. చాలాసేపటికి మావారు, "కథలు రాయడం తగ్గించావేం?" అన్నారు. "తీరికేదీ?" అన్నాను. ఆయనేం మాట్లాడలేదు.

తీరిక అంటే గుర్తొచ్చింది. నరసాపురం లేసు అల్లికలకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఓ పుస్తకం రాశారు. గంటల తరబడి అల్లినా వాళ్లది పని కాదట, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ల కాలక్షేపమట! ఆ వంకతోనే కూలి అంత తక్కువగా ఇచ్చేవారని ఆవిడ ఎత్తిచూపారు. మన పని 'తీరిక' లెక్కలోకి పోతుంటే, మన తీరిక ఏ లెక్కలోకీ రావడం లేదు.

మర్నాడు పొద్దున "నా తువ్వాలెక్కడ?" అన్నారు మావారు. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డాను. అప్పుడర్థమైంది, ఊరు మారితే చాలదు, అలవాటు మారాలి. మళ్లీ కూర్చున్నాను. ఆయనే వెతుక్కున్నారు. వెళ్లి టిఫిన్ కూడా తెచ్చారు. ఆ రోజు పంటు మీద సఖినేటిపల్లి దాటి, అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే చోటు దాకా నడిచాం. దారి పొడవునా నా మనసులో ఉన్న కొత్త కథ ఆయనకి చెబుతూనే ఉన్నాను.

జంటగా వెళ్లడమంటే కుర్రకారు సరదా అనుకోవద్దు. సంసారంలో మునిగిపోయిన మనకే అది ఎక్కువ అవసరం. అయితే ఒక షరతు. ఆ రెండు రోజులూ ఇద్దరికీ సెలవే కావాలి.

ఇంటికి రాగానే, పిల్లల్ని చూసుకున్న అత్తయ్యగారు మెల్లిగా అడిగారు, "గోదారిలో నీళ్లు బాగా ఉన్నాయా అమ్మా?" అని. ఆవిడా మామయ్యగారూ మొక్కు లేకుండా ఏ ఊరూ వెళ్లలేదట. ఈసారి టిక్కెట్లు వాళ్లిద్దరికి. పక్కింటావిడ అడిగితే మాత్రం నిజమే చెబుతాను!