పాలెగాడా... గంగమ్మా?

పుష్పరాజ్ మంచోడా, చెడ్డోడా అని తిరుపతి కుర్రకారును అడిగి చూడండి. "మనోడబ్బా!" అంటారు. న్యాయమే. శేషాచలం ఎర్రచందనం నరికే కూలీగా మొదలై సిండికేటునే గుప్పిట్లో పెట్టుకున్న స్మగ్లరు, అదీ చిత్తూరు యాసలో! (తెరమీది అడవి మాత్రం చాలావరకు మారేడుమిల్లిది లెండి.) 2021లో వచ్చిన మొదటి భాగానికి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు నటుల్లో ఆ అవార్డు అందుకున్న మొదటివాడు అతనే.

2024 డిసెంబరులో రెండో భాగం. మొహానికి నీలం రంగు, ఒంటిమీద చీర, మెడలో నిమ్మకాయల దండ... జాతర ఘట్టానికి హాళ్లు దద్దరిల్లాయి. ఉత్తరాది ప్రేక్షకులకు అది వింత వేషం. మనకేం వింత? ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మగాళ్లు చీర కట్టి మొక్కు తీర్చుకునే ఊరు మనది!

ఆ కథ మీ అవ్వ చెప్పే ఉంటుంది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మ మీదికే చెయ్యి చాపాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. అమ్మ రోజుకో వేషంలో వెతికింది. బైరాగి, బండ, తోటి... చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో దొర గదా అని బయటికొచ్చాడు. తల తెగింది. తర్వాత మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా! (ఈ ఓదార్పు జోలికి మన ఫైట్ మాస్టర్లు పోరు.)

కాబట్టి అది మామూలు చీర కాదు. అన్న కూతురి మీద చెయ్యి వేసినవాణ్ణి ఆ చీరలో పుష్ప చితగ్గొట్టాడంటే, వేషానికి తగ్గ పనే. శభాష్!

మరి మొదటి భాగం మాటేమిటి? శ్రీవల్లి నవ్వుకు వెయ్యి, ముద్దుకు అయిదు వేలు అని బేరం పెట్టింది ఎవరి కోసం? తర్వాత అదే పిల్లను జాలిరెడ్డి బలవంతపెడితే పుష్ప వాడి ఎముకలు విరగ్గొట్టాడు. మనం ఈలలేశాం. ఆ ఈలల్లో వెయ్యి రూపాయల సంగతి కొట్టుకుపోయింది! దర్శకుడు సుకుమార్ గడుసువాడు. పాలెగాణ్ణి రెండు ముక్కలు చేసి, తన్నులు తినే ముక్క జాలిరెడ్డికిచ్చాడు. రెండో ముక్కకు ప్రేమ అని పేరు పెట్టి హీరో దగ్గరే ఉంచాడు.

నా పేచీ నెత్తురుతో కాదు. స్మగ్లరు కొడతాడు, చంపుతాడు, అది వాడి బతుకు. సినిమా కూడా దాన్ని దాచలేదు. నోట్ల బేరాన్ని మాత్రం సరసంగా చూపించింది.

ఆ నోట్లు చూసి హాల్లో అబ్బాయిలు నవ్వారని తెలుసు. అమ్మాయిలు నవ్వారా? చెల్లెళ్లూ, మీరే రాయండి. అబ్బాయిల ఉత్తరాలు తర్వాత చూస్తాను.