ఒప్పందంలో బస్తీకి చోటెక్కడ?

ఇండోనేషియా రాజధాని జకార్తా 1998లో తన నీటి సరఫరాను తూర్పు, పడమరలుగా విభజించి, రెండు ప్రైవేటు సంస్థలకు పాతికేళ్లపాటు అప్పగించింది. వినియోగదారుల బిల్లుతో నిమిత్తం లేకుండా, అమ్మిన ప్రతి ఘనపు మీటరుకూ వాటికి నిర్ణీత రుసుము చెల్లించాలన్నది ఒప్పందం. పేదల నీటి ధర ఆ రుసుముకన్నా తక్కువ. కనుక వారికి కుళాయిలు ఇచ్చినకొద్దీ ప్రభుత్వ సంస్థకే నష్టం. బస్తీలు తోపుడు బళ్ల నీటిని ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు కొంటూనే ఉన్నాయి. 2023లో సరఫరా మళ్లీ ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది.

పెట్టుబడి ఎవరిదన్న వాదనకన్నా ఈ లెక్కే ముఖ్యమని నా అభిప్రాయం. రేపు మన పురపాలక సంఘం ఇటువంటి ఒప్పందానికి సిద్ధపడితే, పట్టాలేని ఇంటికి కుళాయి ఇస్తారా, ఆ రాయితీ భారం ఎవరు మోస్తారు అన్నది ముస్లిం బస్తీలు ముందుగా తెలుసుకోవాలి. సంతకాలకు ముందే ఆ ప్రతిని తెలుగులో, ఉర్దూలో బహిరంగపరచమని మన కౌన్సిలర్లు పట్టుబట్టాలి.