కారుకు గిలాఫ్ జరూరీయేనా?



మా కాగజ్‌నగర్‌లో కొత్త కారు వచ్చిన ఇంట్లో వారం తిరక్కుండానే ఒక బహస్ మొదలవుతుంది. కవర్ కొనాలా, వద్దా? అబ్బాజాన్ కొనమంటారు. రోజూ కప్పడం, తీయడం ఎవరి వల్లా కాదని కొడుకు అంటాడు. "ఇన్ని లక్షలు పోసి కొన్నారు, నజర్ తగులుతుంది, కప్పండి బేటా" అని అమ్మీజాన్ ఫైసలా చేసేస్తారు. నా రాయ్ ముందే చెప్పేస్తాను. రోజూ నడిచే కారుకు కవర్ వద్దు, నీడ వెతకండి. వారాల తరబడి ఆరుబయట నిలబడే కారుకు కవర్ కావాలి. కానీ కవర్ కప్పేశాం కదా అని బేఫికర్ అయిపోవద్దు.

మన మౌసమ్ సంగతి మీకు తెలియనిది కాదు. మే నెలలో మన జిల్లాలో ధూప్ 45 డిగ్రీలు దాటడం మామూలే. జూలైలో బారిష్ పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. చలికాలంలో 10 డిగ్రీల కిందికి పడిపోయి, తెల్లారేసరికి బయట పెట్టిన బండంతా మంచుతో తడిసి ఉంటుంది. పైగా మన పాత మొహల్లాల్లో ఇళ్లు కట్టిన రోజుల్లో కారు గురించి సోచాయించిన వాళ్లు లేరు. సైకిల్‌కు, స్కూటర్‌కు జాగా ఉంటే చాలనుకున్నారు. అందుకే ఈరోజు కార్లన్నీ గల్లీలోనే నిలబడుతున్నాయి.

కవర్ వల్ల ఫాయిదా లేదని నేననను. ఎండకు రంగు వెలుస్తుంది, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగులుతుంది, హెడ్‌లైట్లు పసుపెక్కుతాయి. వేప చెట్టు కింద పెడితే నీడ దొరుకుతుంది కానీ పిట్టల రెట్ట పడుతుంది. ఆ రెట్ట ఎండలో ఎండితే రంగును తినేస్తుంది. వీటన్నిటి నుంచీ కవర్ హిఫాజత్ చేస్తుంది.

నుక్సాన్ ఎక్కడంటే, దాన్ని వాడే తరీఖాలో. ఊరంతా తిరిగొచ్చిన బండి మీద ధూళి ఉంటుంది. దాని మీదే కవర్ లాగితే గరుకు కాగితంతో రుద్దినట్టే. గాలికి కవర్ కొట్టుకున్నప్పుడల్లా సన్నటి గీతలు పడతాయి. చవకగా దొరుకుతుందని ప్లాస్టిక్ షీటో, టార్పాలినో కప్పితే లోపలి తేమ బయటికి పోదు. వానాకాలమంతా అలాగే ఉంచితే రంగు మీద మచ్చలు వస్తాయి, గీతలు పడ్డ చోట తుప్పు పడుతుంది. ఇక ఎలుకలు సరేసరి. చీకటి, వెచ్చదనం, కదలిక లేని చోటు. వాటికి ఇంతకంటే మంచి మకాం ఎక్కడుంది? ఇంజన్ దగ్గర గూడు పెట్టి వైర్లు కొరికేస్తాయి. కవర్ కింద ఏం జరుగుతోందో ఇంట్లో వాళ్లకు తెలియనే తెలియదు.

నా అసలు ఫిక్ర్ గల్ఫ్‌లో మన వాళ్లుండే ఇళ్ల గురించి. కొడుకు చెమటోడ్చి సంపాదించి కారు కొని, కవర్ కప్పి, మళ్లీ సౌదీకో దుబాయ్‌కో వెళ్లిపోతాడు. ఇంట్లో వాళ్లు దాన్ని అమానత్ అనుకుని ముట్టుకోరు. అమానత్ అంటే ముట్టుకోకపోవడం కాదు, బాగా చూసుకోవడం. మూడు నాలుగు వారాలు కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. టైర్లలో గాలి తగ్గుతుంది. ఓ రాత్రి అబ్బాజాన్‌కు ఛాతీలో నొప్పి వచ్చి మంచిర్యాల తీసుకెళ్లాల్సి వస్తే, కవర్ కింద తళతళ మెరిసే ఆ కారు స్టార్ట్ కాదు. అప్పుడు ఆ మెరుపు ఎవరికి కావాలి?

పిల్లల మాట ఇంకా ముఖ్యం. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆగి ఉన్న కారులో చిక్కుకుని నలుగురు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు ముందు నెలలోనే మన తెలంగాణలో, చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు అలాగే పోయారు. కవర్ లేని కారులోకి దారిన పోయేవాళ్లు ఎవరైనా తొంగి చూడొచ్చు. కవర్ ఉంటే ఆ ఆస్రా కూడా ఉండదు. దాగుడుమూతలాడే పిల్లలకు కవర్ కప్పిన కారంటే భలే సరదా. కాబట్టి కప్పే ముందు నాలుగు తలుపులూ, డిక్కీ లాక్ అయ్యాయో లేదో చేత్తో లాగి చూడండి. తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టండి.

ఇక కవర్ కొనే వాళ్లకు నాలుగు మాటలు. మీ మోడల్‌కు సరిపోయేది, లోపలివైపు మెత్తటి గుడ్డ ఉన్నది, గాలి ఆడేది తీసుకోండి. గాలికి లేవకుండా కింద కట్టే పట్టీ ఉండాలి. బండి కడిగి, ఆరి, ఇంజన్ చల్లబడ్డాకే కప్పండి. కవర్ తడిస్తే తీసి ఆరేయండి. ఎక్కువ రోజులు నిలిపేటట్టయితే హ్యాండ్‌బ్రేక్ బిగించి వదిలేయకండి, తేమకు పట్టేస్తుంది. చదునైన చోట గేర్‌లో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. వారానికోసారి కవర్ తీసి, బానెట్ ఎత్తి చూసి, ఓ అరగంట నడపండి. నడిపే తమ్ముడికో అల్లుడికో లైసెన్స్ ఉండాలి, బండికి ఇన్సూరెన్స్ చెల్లుతూ ఉండాలి.

ఇంత ఇంతెజాం మా వల్ల కాదంటారా? అయితే కవర్ డబ్బులు మిగుల్చుకోండి. కలిసొస్తే ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించండి, అది కవర్ కంటే వెయ్యి రెట్లు నయం. అదీ కాకపోతే కారును ఎండకు, వానకు వదిలేయండి, కానీ నడుపుతూ ఉండండి. రంగు వెలిసినా, వేళకు కదిలే కారే ఇంటికి పనికొస్తుంది.