మానవరహిత వాహనములకు ఉమ్మడి పగ్గము

1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాను ముట్టడించి అందలి తుపాకులను గొనిపోయెను. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. ఆ తుపాకులు దొరతనమువారు తమ పోలీసులకొఱకు తెప్పించినవే. అయినను మన్యపువీరుల చేతబడినంతనే అవి వారి మాట వినినవి. ఆనాటి ఆయుధమునకు పట్టుకొన్నవాడే స్వామి. నేటి ఆయుధము అట్టిది కాదు. చింతపల్లికి పొరుగుననున్న జి.మాడుగుల కొండలమీదుగా నొక మానవరహిత విమానము పోవుచున్నదనుకొందము. దానిని కొన్నవారొకరు, నడుపువారు వేఱొకరు, వారి యాజ్ఞను దానికి చేరవేయు సాఫ్ట్‌వేరును వ్రాసినవారు ఇంకొకరు కావచ్చును. ఈ మూడవవాని సంగతియే మనము విచారింపవలసియున్నది.

ఇంతకాలము ఒక్కొక్క రకపు వాహనమునకు ఒక్కొక్క నియంత్రణశాల యుండెడిది. ఒకదానిపై శిక్షణ పొందినవాడు రెండవదానియెదుట అక్షరాభ్యాసమునుండి మొదలుపెట్టవలసినదే. ఈ దుబారాను మాన్పుటకై అమెరికా నౌకాదళము ఉమ్మడి నియంత్రణవ్యవస్థ యొకదానిని నిర్మింప బూనెను. 2015 డిసెంబరులో వాషింగ్టను రాష్ట్రములోని కీపోర్టువద్ద దానితో నీటిలోపల పోవు వాహనమునుగూడ నడిపి చూపిరి. గాలిలో నెగురుదానికిని నీట మునుగుదానికిని ఒకే పగ్గమేమని పాఠకులకు సందేహము కలుగవచ్చును. నడుపువాడు పటముమీద గమ్యములను గుర్తించి పని నొప్పగించును. ఱెక్కలను చుక్కానిని కదలించుకొను బాధ్యత వాహనములోని యంత్రమునదే.

నాటో కూటమివారి 4586వ ప్రమాణమునందు ఈ యేర్పాటు స్పష్టముగా గలదు. నియంత్రణశాలలోని ప్రధానభాగము అన్ని వాహనములకును ఉమ్మడి. ఆ భాషను ఆయా వాహనమునకు తెలియు భాషలోనికి మార్చు చిన్నభాగము దేనికది వేఱు. కంపెనీ కాలపు దుబాసీ వంటిదే యిది. దుబాసీ చెప్పినదే దొర వినుచుండెను, దుబాసీ చెప్పినదే రైతు వినుచుండెను. నడుమ నేమి మాఱెనో ఇరువురికిని తెలియదు! పగ్గమునుగూడ ఆ ప్రమాణము ఐదు మెట్లుగా విభజించెను. వాహనము పంపిన చిత్రములను ఇతరులద్వారా పొందుట మొదటిమెట్టు. దానిని లేపి, నడిపి, దింపు సంపూర్ణాధికారము ఐదవది.

మనవారికి ఈ విద్య కొత్తది కాదు. 2023 జూన్ 16వ తేదీన చిత్రదుర్గమునుండి లేచిన తపస్ విమానము పగ్గమును, కార్వారు నౌకాస్థావరమునకు 148 కిలోమీటర్ల దూరముననున్న ఐ.ఎన్.ఎస్. సుభద్ర నౌకకు అప్పగించిరి. 20,000 అడుగుల యెత్తున మూడున్నర గంటలు సాగిన ప్రయాణములో 40 నిమిషములు నౌకవారే దానిని నడిపిరి. సముద్రముమీద చూపునకు అడ్డులేదు. తూర్పుకనుమలలో నట్లుగాదు; గట్టుదాటిన చాలు, రేడియో తరంగము తెగిపోవును. ఉపగ్రహముపై నాధారపడని చిన్నవిమానము మన్యమున దూరము పోవలెనన్న పగ్గము శిఖరమునుండి శిఖరమునకు చేతులు మాఱవలసినదే. కావున ఉమ్మడి సాఫ్ట్‌వేరు వలదనుట మా యభిప్రాయము కాదు. రోగిని డోలీలో మోసికొనిపోవు గూడెములకు మందులు చేర్చుటకును ఆ విద్యయే పనికివచ్చును.

అయితే దాని తాళముచెవి యెవరియొద్ద నుండవలెను? 2024 అక్టోబరులో అమెరికానుండి 31 ఎం.క్యూ-9బి విమానములకు ఒడంబడిక కుదిరెను: నౌకాదళమునకు 15, తక్కిన రెండు దళములకు ఎనిమిదేసి. హైదరాబాదున అదానీ, ఎల్బిట్ సంస్థల ఉమ్మడి కర్మాగారమున సిద్ధమైన దృష్టి-10 అదే సంవత్సరము జనవరిలో నౌకాదళమునకు అందెను; దానికి మూలము ఇజ్రాయిలువారి హెర్మిస్ 900. విశాఖపట్టణములోని నౌకాశాస్త్ర సాంకేతిక ప్రయోగశాల మందుపాతరలను వెదకు జలాంతర్వాహనములను స్వయముగా నిర్మించినది. ఇన్ని తీరుల వాహనములను ఒక్క గదినుండి నడుపదలచినపుడు ఆ గది మనదై యుండవలెను. విదేశీయుడు వాహనము నమ్మవచ్చును. దుబాసీనిగూడ వాడే పంపిన నేమి మిగులును? 2025 ఫిబ్రవరిలో సైన్యమునకై తలపెట్టిన 400 డ్రోనుల కొనుగోళ్లు రద్దయినవి. వానియందలి చీనా భాగములే కారణమని పత్రికలు తెలిపినవి. భాగమును విప్పి చూడవచ్చును, వ్రాతను చూచుటకు వ్రాసినవాడు ఒప్పుకొనవలెను. కాబట్టి మూలలిపిని అప్పగించనివానియొద్ద ఏదియు కొనరాదను షరతు ఒడంబడికలోనే యుండదగును.

ఉమ్మడి పగ్గమున మఱియొక చిక్కు గలదు. ఇంటింటికి వేఱు తాళమున్న దొంగ ఒక్క యింటినే దోచును. ఊరంతటికి ఒకే తాళమైన ఊరంతయు పోవును. దీనికి నిపుణులు ఉపాయము చెప్పగలరు. చేతులు మాఱిన పగ్గమువలన కలుగు చిక్కు నిపుణులతో తీరునది కాదు. ఒక శాల లేపిన విమానమును రెండవ శాల నడిపి, మూడవ శాల చూచి, పొరపాటున కట్టెలకు పోయిన గిరిజనుని శత్రువుగా నెంచిరనుకొనుడు. ఆ గూడెమువారు ఎవరిపేర ఫిర్యాదు వ్రాయింతురు? అటవీశాఖ, పోలీసుశాఖ, రెవెన్యూశాఖల నడుమ తిరిగి తిరిగి అలసిన మన్యవాసికి నాలుగవ ద్వారమొకటి చూపుట న్యాయము కాదు. పగ్గము మాఱిన ప్రతి నిమిషమును, పట్టినవాని పేరును, ఇచ్చిన యాజ్ఞను చెఱపరాని లెక్కగా ఆ సాఫ్ట్‌వేరే వ్రాసి యుంచవలెను. ఆ లెక్క యే కార్యాలయమున నుండునో, దానిని తెప్పించి చూచు నధికారము ఏ న్యాయస్థానమునకు గలదో ముందుగా నిర్ణయించి, పిమ్మటనే ప్రభుత్వమువారు టెండర్లు పిలువవలెను.