గుండె మ్యాపింగ్ చేయించుకుంటే మాత్ర మానేయవచ్చా?

"గుండెలో కరెంటు ఎక్కడ తప్పుతోందో చూసి కాల్చేశారు కదండీ, ఇక రక్తం పలుచన చేసే మాత్ర ఎందుకు?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. అడిగితే సంతోషమే. అడగకుండా మానేసేవారిని చూస్తేనే మాకు భయం.

గుండె పై గదులు క్రమంగా ముడుచుకోకుండా గిలగిల కొట్టుకోవడమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. నాడి గతి తప్పుతుంది. గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

1998లో ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు 45 మంది గుండెల్లోకి సన్నని తీగలు పంపి, ఈ దడ ఎక్కడ మొదలవుతోందో వెదికారు. నూటికి 94 చోట్లు ఊపిరితిత్తుల నుండి రక్తం తెచ్చే సిరల్లోనే దొరికాయి. ఆ సిరల చుట్టూ కాల్చి కరెంటును అడ్డుకునే చికిత్స అలా వచ్చింది. వచ్చిపోయే దడకు ఇది బాగా పనిచేస్తుంది.

విడవకుండా ఉండే దడ సంగతి వేరు. కరెంటు చిక్కుపడిన చోట్లు కూడా వెదికి కాలిస్తే మేలని చాలామంది నమ్మారు. 2015లో 589 మందిపై వచ్చిన ఫలితాల్లో ఆ అదనపు కాల్చడం వల్ల లాభం కనిపించలేదు. 2025లో కంప్యూటరు మేధ సాయంతో చోట్లు ఎంచి కాల్చినప్పుడు, ఏడాదికి ఆ దడ తిరిగి రానివారు 88 శాతం, సిరల దగ్గర మాత్రమే కాల్చినవారిలో 70 శాతం. సమయం మాత్రం చాలా ఎక్కువ పట్టింది. ఆశ ఉంది, కాని ఒక్క పరిశోధనతో పొలం అమ్మేయమని మేము చెప్పలేము. తెరమీద రంగురంగుల ముగ్గులా కనిపించే ఆ బొమ్మ మాకూ ముచ్చటగానే ఉంటుంది. బొమ్మ బాగున్నంత మాత్రాన చికిత్స కుదిరినట్టు కాదు.

పైగా మన దేశంలో చాలామందికి ఈ దడ చిన్ననాటి కీళ్లవాత జ్వరంతో కవాటం సన్నబడటం వల్ల వస్తుంది. వారికి ముందు చూడవలసింది కవాటాన్ని. ఇలాంటి రోగులు నాలుగున్నర వేలమందిపై 2022లో వెలువడిన పరిశోధనలో కొత్త మాత్ర రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ రకం పాత మాత్రలే మెరుగని తేలింది. నెలనెలా ఐ.ఎన్.ఆర్. పరీక్షకు రావడం విసుగే, ఒప్పుకుంటాము. అయినా రండి.

మ్యాపింగ్‌కు ఒప్పుకునే ముందు మీది వచ్చిపోయే దడా, విడవనిదా, ఎకోలో కవాటం ఎలా ఉంది, సిరలు కాక ఇంకెక్కడ కాలుస్తారు, ఎందుకు అని అడగండి. చికిత్స తరువాత కనీసం రెండు నెలలు మాత్ర ఎవరికైనా తప్పదు. ఆపైన మానవచ్చా లేదా అన్నది మీ వయసు, బి.పి., షుగరు, కవాటం, గతంలో వచ్చిన పక్షవాతం చూసి డాక్టరు చెబుతారు. దడ తగ్గిందని మీకు మీరే ఆపకండి.