పోరగాళ్ల చెయ్యి పట్టే మనిషికి బడ్జెట్‌ల పైసలేవి?

హైదరాబాద్‌ల ఏ బస్తీకి పోయినా తల్లులు చెప్పే ముచ్చట ఒక్కటే. టెన్త్ దాంక కొడుకు మంచిగనే ఉండె, ఆనంక ఎవలతోని తిరిగిండో, ఎప్పుడు చెడిపోయిండో తెల్వకపాయె అంటరు. తండ్రి అడ్డా కూలీ. తల్లి నాలుగిండ్లల్ల పాచిపని. పొద్దుగాల పోతే చీకటి పడ్డంకనే ఇల్లు చేరుతరు. ఆ మధ్యల పోరనికి దొరికే పెద్దమనిషి ఎవలు? గల్లీ చివర గంజాయి పొట్లాలు అమ్మెటోడు. వాడు రోజూ వస్తడు. పేరు పెట్టి పిలుస్తడు, చాయ్ తాపిస్తడు. సర్కారు మనిషి మాత్రం ఏడాదికి ఒక్కసారి, జూన్ 26 నాడు వస్తడు. ప్రతిజ్ఞ చేపిస్తడు, ఫొటో దిగుతడు, పోతడు.

పట్టుకునే పని గట్టిగనే నడుస్తున్నది. తెలంగాణల, ఆంధ్రల రెండు చోట్ల ‘ఈగల్’ పేరుతోని ప్రత్యేక దళాలు పెట్టిన్రు. తప్పులేదు, పట్టుకోవాల్సిందే. కానీ అమ్మెటోన్ని జైలుకు పంపితే ఆ జాగల ఇంకోడు వచ్చి నిలబడ్తడు. ఆ జాగల ఒక మంచి మనిషిని నిలబెట్టే పని ఎవలిది? దానికి పైసలు ఏ పద్దుల ఉన్నయి?

2015 జువెనైల్ జస్టిస్ చట్టంల ‘ఆఫ్టర్ కేర్’ అని ఒకటి ఉన్నది. 18 నిండి హోంల నుంచి బయటికొచ్చిన పిల్లలకు 21 ఏండ్లు వచ్చేదాంక ఆసరా ఇయ్యాలె. మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేల రూపాయలు ఇస్తరు. మంచిదే. కానీ ఇది హోం గడప తొక్కి వచ్చినోళ్లకు. ఇంకా గల్లీలనే ఉండి, అటా ఇటా అని ఊగుతున్న పోరనికి ఇది అందది. అంటే చెయ్యి జారినంకనే సాయం, జారకముందు ఏం లేదు.

తోడు మనిషి ఉంటే నిజంగనే మారుతరా అని అడిగెటోళ్లు ఉంటరు. అమెరికా ముచ్చట చూద్దాం. 1904ల న్యూయార్క్ పిల్లల కోర్టుల క్లర్కుగ పనిచేసే ఎర్నెస్ట్ కౌల్టర్, కోర్టుకొచ్చే ఒక్కో పిల్లగానికి ఒక్కో పెద్దమనిషి దోస్తుగ ఉండాలని పని మొదలుపెట్టిండు. అదే ఇయ్యాల్టి ‘బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్’. 10 నుంచి 16 ఏండ్ల పిల్లలు 959 మందిని ఏడాదిన్నర పాటు గమనించి 1995ల ఒక రిపోర్టు ఇచ్చిన్రు. తోడు దొరికిన పిల్లల్ల, దొరకనోళ్లతోని పోలిస్తే, మత్తుమందు మొదలుపెట్టుడు 46 శాతం తక్కువ. బడి ఎగ్గొట్టుడు 52 శాతం తక్కువ.

అదే దేశంల ఇంకో కథ కూడా ఉన్నది. కేంద్ర విద్యాశాఖ పైసలిచ్చి బళ్లల్ల మెంటర్లను పెట్టింది. 2009ల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా ఏం కనపడలే. ఎందుకంటే ఆ తోడు సగటున ఆరు నెలలు కూడా నిలవలే. ఆనంక ఆ పథకానికి పైసలు బంద్ పెట్టిన్రు. 2002ల వచ్చిన ఇంకో స్టడీ అయితే, తోడు ఏడాది దాటినోళ్లకే ఎక్కువ లాభమైందని, మూడు నెలల్లనే తెగిపోయినోళ్లకు తమ మీద తమకున్న నమ్మకం ఉన్నదానికన్నా తగ్గిందని తేల్చింది.

అసలు సంగతి ఇక్కడున్నది. ఇంట్ల, బడిల ఇప్పటికే ఇడిసిపెట్టబడ్డ పోరన్ని ఇంకో మనిషి మధ్యల ఇడిసిపోతే, అది సాయం కాదు, ఇంకో దెబ్బ. మన దగ్గర ఇసొంటి పనులన్నీ ఏడాది ప్రాజెక్టులే. ఫండ్ వస్తే మనిషి వస్తడు, ఫండ్ ఆగితే మాయమైతడు. ఔట్‌సోర్సింగ్ జీతం నెలల తరబడి రాకపోతే ఎంత మంచోడైనా ఎన్నొద్దులు ఉంటడు?

పైసలు లేవంటే నమ్మేది లేదు. ఒక లెక్క వేద్దాం. మెంటర్‌కు నెలకు 25 వేల జీతం, అంటే ఏడాదికి 3 లక్షలు. శిక్షణ, తిరుగుడు, పర్యవేక్షణకు ఇంకో లక్ష. ఒక్కరికి 25 మంది పిల్లలు. యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ స్కూల్ ఒక్కదానికి సర్కారు అనుకున్న ఖర్చు దాదాపు 200 కోట్లు. ఆ పైసలతోని 500 మంది మెంటర్లను పదేండ్లు నడపొచ్చు. పన్నెండున్నర వేల మంది పిల్లలకు పదేండ్లు తోడు! స్కూళ్లు వద్దని ఎవలూ అనరు. కానీ బిల్డింగుకు పైసలు దొరికినప్పుడు మనిషికి ఎందుకు దొరకయి?

2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం, ఖర్చుకాని పైసలు వచ్చే ఏడాదికి కలపాలె. ఆ నిధుల నుంచి దళితవాడలకు, తండాలకు మెంటర్లను పెట్టొచ్చు. కంపెనీలు లాభాల్ల 2 శాతం సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలె గదా, బస్తీలకు అందుల నుంచి అడగొచ్చు.

మూడు షరతులు మాత్రం తప్పనిసరి. నిధులు కనీసం మూడేండ్లకు ఒక్కసారే మంజూరు చెయ్యాలె. పిల్లల నడుమ పని కాబట్టి ప్రతి మెంటర్ గురించి పోలీసు విచారణ జరగాలె, పైన చూసుకునెటోళ్లు ఉండాలె. ఎంతమందితోని ర్యాలీ తీసిన్రని కాదు, ఎంతమంది పిల్లలతోని ఏడాది దాటి నిలిచిన్రని లెక్క అడగాలె. మనుషులను ఎక్కడెక్కడో దేవులాడే పనిలేదు. అదే బస్తీల డిగ్రీ చేసి కొలువు కోసం చూస్తున్న అన్నలు, అక్కలు మస్తుమంది ఉన్నరు.

గంజాయి అమ్మెటోడు రేపు కూడా టైంకే వస్తడు. వానికన్నా ముందు మన మనిషి పోవాలె. ఎల్లుండి కూడా పోవాలె. పైసలు పెట్టాల్సింది ఆ ఎల్లుండి కోసమే.